జహంగీర్: వేటాడిన ప్రతి జంతువునూ లెక్క రాయించిన మొఘల్ చక్రవర్తిని ఒక కాలిబంటు మరణం ఎలా కుంగదీసింది?

సూరత్ నగరంలోని కతర్‌గామ్ పేరు వినగానే నేడు వజ్రాలకు సాన పట్టే కార్ఖానాలు గుర్తుకొస్తాయి. కానీ పాత కతర్‌గామ్ దర్వాజా పరిసరాలలో మరో కాలానికి చెందిన ఆనవాళ్లున్నాయి. 17వ శతాబ్దంలో సూరత్‌కు వర్తకం కోసం వచ్చి ఇక్కడే కన్నుమూసిన ఆంగ్లేయులు, డచ్చివారు, ఆర్మీనియన్ల సమాధులవి. 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సెండెన్, 1669లో మరణించిన ఆయన సోదరుడు సర్ జార్జ్ ఆక్సెండెన్, మలబారు తీరపు వృక్షసంపదను గ్రంథస్థం చేయించి 1691లో మరణించిన డచ్చి అధికారి వాన్ రీడ్‌ల సమాధులు గుమ్మటాలతో చిన్నపాటి రాజప్రాసాదాలను తలపిస్తాయి.

ఈ వర్తకులలో ఆంగ్లేయులకు సూరత్‌లో కాలూనుకునే అవకాశం ఇచ్చినవాడు మొఘల్ చక్రవర్తి జహంగీర్. 1608లో విలియం హాకిన్స్ నౌక సూరత్ చేరినప్పుడు ఆయన సింహాసనమెక్కి మూడేళ్లు కూడా నిండలేదు. ఆంగ్లేయులు 1611లో గోల్కొండ రాజ్యంలోని మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. ఆ వెంటనే సూరత్‌లోనూ వారికి అనుమతి లభించింది. 1615లో సూరత్‌లో దిగిన ఆంగ్ల రాయబారి థామస్ రో, మరుసటి ఏడాది జనవరిలో అజ్మీర్‌లో చక్రవర్తి దర్శనం చేసుకున్నాడు.

వర్తకుల లేఖలలో జహంగీర్ బహుమతులు కోరే, మద్యం సేవించే, మనసు తరచూ మారే ప్రభువుగా కనిపిస్తాడు. అయితే ఆయన తన ఆత్మకథ తుజుక్-ఎ-జహంగీరీలో తనను తాను మరో విధంగా కూడా చూపుకున్నాడు. అందులో పన్నుల కన్నా, యుద్ధాల కన్నా ఎక్కువ మమకారంతో రాసుకున్న విషయం ఒకటుంది. అది వేట. ఆయన జీవితపు చివరి మలుపు కూడా వేటలోనే వచ్చింది.

మొక్కుల బిడ్డ

జహంగీర్ 1569 ఆగస్టు చివర ఫతేపూర్ సిక్రీలో జన్మించాడు. అంతకుముందు పుట్టిన బిడ్డలు దక్కక అక్బర్ చక్రవర్తి తల్లడిల్లుతున్న కాలమది. సిక్రీలోని సూఫీ గురువు షేక్ సలీం చిష్తీ ఆశీస్సులతో కలిగిన కుమారుడని నమ్మి, బిడ్డకు సలీం అని ఆయన పేరే పెట్టారు. తండ్రి మాత్రం షేకూ బాబా అని ముద్దుగా పిలిచేవాడు. తల్లి అంబర్ రాజపుత్ర వంశానికి చెందిన రాకుమారి.

మొఘలులకు వేట వినోదం మాత్రమే కాదు. సైన్యానికి కవాతు, రాజ్యానికి తనిఖీ, ప్రజల ముందు ప్రతాప ప్రదర్శన కూడా. ఖమర్గా అనే పద్ధతిలో వేలాది మంది పెద్ద వలయంగా నిలబడి, రోజుల తరబడి ఆ వలయాన్ని కుదించుకుంటూ అడవి జంతువులను ఒకచోటికి తోలేవారు. అక్కడ చక్రవర్తి మొదట వేటాడేవాడు. శిక్షణ ఇచ్చిన వేటచిరుతలను జింకల మీదికి వదలడం మరో పద్ధతి. అక్బర్‌కు సంగ్రామ్ అనే పేరుగల తుపాకీ ఉండేది. చిత్తోడ్ ముట్టడిలోనూ, వేటలోనూ ఆయన చేతిలో ఉన్నది అదే.

అయితే అక్బర్ జీవితంలో మరో ఘట్టం కూడా ఉంది. 1578లో పంజాబ్‌లోని భేరా వద్ద భారీ ఖమర్గా సిద్ధమై, జంతువులన్నీ వలయంలో చిక్కుకున్న వేళ ఆయన హఠాత్తుగా వేట ఆపించాడు. ఒక్క పిట్టకూ హాని చేయకుండా అన్నింటినీ విడిచిపెట్టమని ఆజ్ఞాపించాడు. అప్పటికి సలీం వయసు తొమ్మిదేళ్ల లోపు. తండ్రి చేతి తుపాకీనీ, దాన్ని దించిన తండ్రి మనసునూ రెండింటినీ కుమారుడు వారసత్వంగా పొందాడు. ఆ రెండింటి మధ్య సయోధ్య మాత్రం జీవితాంతం కుదరలేదు.

గంటల గొలుసు, గురువారపు నిషేధం

1605లో అక్బర్ మరణం తర్వాత సలీం, జహంగీర్ అనే బిరుదుతో సింహాసనమెక్కాడు. ఆయన మొదటి ఆజ్ఞ న్యాయశృంఖలం గురించి. ఆగ్రా కోట బురుజు నుంచి యమునా తీరంలోని రాతి స్తంభం వరకు 60 గంటలు కట్టిన బంగారు గొలుసును వేలాడదీయించాడు. అధికారుల వద్ద న్యాయం దొరకనివారు ఆ గొలుసు లాగితే చక్రవర్తికే వినిపించాలన్నది ఉద్దేశం.

తొలినాటి శాసనాలలోనే జంతువధపై ఆంక్షలూ ఉన్నాయి. వారంలో రెండు రోజులు, తాను సింహాసనమెక్కిన గురువారం, తండ్రి జన్మించిన ఆదివారం, జంతువులను వధించరాదని ఆజ్ఞాపించాడు.

న్యాయం, దయ కొత్త పాలనకు గుర్తులు కావాలని ఆయన కోరుకున్నట్లు ఈ ఆజ్ఞలు చెబుతాయి. కానీ మరుసటి ఏడాదే పెద్ద కుమారుడు ఖుస్రో తిరుగుబాటు చేశాడు. జహంగీర్ దాన్ని కర్కశంగా అణచివేశాడు. కుమారుడి అనుచరులను లాహోర్ దారి పొడవునా కొరత వేయించాడు. ఖుస్రోకు ఆశ్రయమిచ్చారన్న అభియోగంపై సిక్కుల ఐదవ గురువు అర్జన్ దేవ్ ప్రాణాలు కోల్పోయారు. గొలుసు గంటలు వినే చెవి, కొరత వేయించే నోరు ఒకే మనిషివి.

జింకకు గోపురం

ఆ రోజులలోనే లాహోర్ సమీపంలోని వేట మైదానంలో మన్సరాజ్ అనే మగ కృష్ణజింక చక్రవర్తికి ప్రీతిపాత్రమైంది. అడవి నుంచి పట్టి తెచ్చిన ఆ జింక కొద్ది కాలంలోనే మచ్చికై, రాజు పెంచే జింకలలో మేటి అనిపించుకుంది. అది చనిపోయినప్పుడు జహంగీర్ 1607 ప్రాంతంలో దానికి సమాధి కట్టించి, పైన జింక ఆకారంలో రాయి నిలిపించాడు. దాని చరిత్రను శిల మీద చెక్కించాడు. ఆ మైదానంలో జింకలను ఎవరూ వేటాడరాదనీ, వాటి మాంసాన్ని హిందువులు గోమాంసంగా, ముస్లింలు పందిమాంసంగా భావించాలనీ ఆజ్ఞ ఇచ్చాడు. పక్కనే సుమారు 30 మీటర్ల ఎత్తున గోపురం లేచింది. నేటి పాకిస్తాన్‌లోని షేఖుపురాలో హిరణ్ మినార్‌గా అది ఇప్పటికీ నిలిచి ఉంది.

జంతువుల పట్ల ఆయన ఆసక్తి వేటతో ఆగిపోలేదు. పెంచిన సారస పక్షుల జంట ఎలా కలుస్తుందో, గుడ్లను ఎలా పొదుగుతుందో దగ్గరుండి గమనించి రాసుకున్నాడు. జంతువులను కోయించి లోపలి అవయవాలను పరీక్షించాడు. సూరత్, ఖంభాత్ రేవుల వ్యవహారాలు చూసిన ముకర్రబ్ ఖాన్ 1612లో గోవా నుంచి కొని తెచ్చిన వింత ప్రాణులలో టర్కీ కోడిని చూసి ముగ్ధుడై, రూపురేఖలన్నీ వర్ణించి, బొమ్మ గీయించాడు. ఉస్తాద్ మన్సూర్ వంటి చిత్రకారులు ఈ ఆసక్తి వల్లే చరిత్రలో నిలిచిపోయారు.

గాయపడిన మృగం వెంట

ఆనాటి తుపాకీ వత్తితో పేలేది. మందు కూరి, గుండు దించి, వత్తి అంటించి కాల్చాలి. ఒకసారి పేలితే మళ్లీ సిద్ధం చేయడానికి సమయం పట్టేది. కాబట్టి గుండు తగిలిన మృగం అక్కడికక్కడే కూలిపోవడం అన్నివేళలా జరిగేది కాదు. గాయంతో పొదలలోకో, లోయలలోకో పారిపోయేది. ఆ తర్వాతి పని ఇంకా కష్టం. నెత్తుటి చుక్కలు, విరిగిన కొమ్మలు, తడబడిన అడుగుల జాడలు చూసుకుంటూ వెంబడించాలి. ఇస్లాం నియమం ప్రకారం ప్రాణం పోకముందే దైవనామం పలికి గొంతు కోస్తేనే దాని మాంసం తినదగినది. ఆలస్యమైతే వేట వృథా. అందుకే గాయపడిన జంతువు వద్దకు ముందుగా పరుగెత్తవలసినవారు వేటగాళ్లు, కాలిబంట్లు, స్థానిక గ్రామస్థులు. కొండ అంచులూ, కొమ్ముల పోట్లూ వారి పాలబడేవి.

జహంగీర్ స్వయంగా అలా వెంబడించిన సందర్భమూ ఉంది. ఒక మనుబోతు ఎన్ని గుండ్లు తగిలినా పడలేదు. తుపాకీ భుజాన వేసుకుని చక్రవర్తి చాలా దూరం కాలినడకన దాని వెంట తిరిగాడు. చివరకు అది పడితే దాని మాంసం వండించి, అజ్మీర్ ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ పేరిట పేదలకు పెడతానని మొక్కుకున్నాడు. మృగం అలసి నిలిచిపోయింది. ఆయన పరుగున వెళ్లి, శాస్త్రోక్తంగా కోయించి, మొక్కు చెల్లించి, ఆకలిగొన్నవారిని పిలిపించి తన ఎదుటే వడ్డింపజేశాడు.

అదే ఆత్మకథలో, దాదాపు అదే కాలానికి చెందిన మరో మనుబోతు ప్రస్తావన ఉంది. తుపాకీ గురి కుదిరిన క్షణంలో ఒక గుర్రపు సేవకుడు, ఇద్దరు బోయీలు అనుకోకుండా అడ్డువచ్చారు. మృగం బెదిరి తప్పించుకుంది. ఆగ్రహించిన చక్రవర్తి సేవకుడిని అక్కడికక్కడే చంపించాడు. బోయీల కాలి నరాలు తెగగొట్టించి, గాడిదలపై ఎక్కించి శిబిరమంతా తిప్పించాడు. మరెవరూ అలాంటి సాహసం చేయకూడదన్నది ఆయన చెప్పుకున్న కారణం. ఆ వాక్యాలలో పశ్చాత్తాపం జాడ లేదు. ఆ ఘటన రాసి, మళ్లీ వేట ముచ్చటలోకి వెళ్లిపోయాడు.

28,532 ప్రాణుల పద్దు

పాలన 11వ ఏడు ముగిసేసరికి చాంద్రమానం ప్రకారం ఆయనకు 50వ ఏడు నడుస్తోంది. 12వ ఏట వేట మొదలుపెట్టిన నాటి నుంచి అప్పటివరకు ఎన్ని ప్రాణులను వేటాడారో లెక్క తీయమని వార్తాలేఖకులను, వేట అధికారులను ఆదేశించాడు. ఆయన సమక్షంలో పడినవి మొత్తం 28,532. అందులో ఆయన స్వహస్తాలతో చంపినవి 17,167. వాటిలో నాలుగు కాళ్ల జంతువులు 3,203. పులులు, సింహాలు 86, మనుబోతులు 889, కృష్ణజింకలు, చింకారాలు, దుప్పులు, కొండమేకల వంటివి 1,670. మిగిలినవి పక్షులు. వాటిలో పావురాలే 10,348. పద్దులో పది మొసళ్లూ ఉన్నాయి.

వేటలో మరణించిన, అవయవాలు కోల్పోయిన మనుషులకు ఆ పద్దులో స్థానం లేదు.

ఈ లెక్కల వెనుక గర్వం కనిపిస్తుంది. అయితే అప్పటికే ఆయన మనసులో మరో ఆలోచన ఉంది. 50 ఏళ్లు దాటాక తుపాకీతో వేటాడనని, ఏ ప్రాణికీ తన చేతితో హాని చేయనని అంతకుముందే దైవసాక్షిగా అనుకున్నాడు. ఆ సంగతి తెలిసిన ఆంతరంగికులలో సూరత్ వ్యవహారాలు చూసిన ముకర్రబ్ ఖాన్ ఒకడు. 1617 చివర, 1618లో చక్రవర్తి గుజరాత్‌లో పర్యటించాడు. ఖంభాత్‌లో సముద్రం చూశాడు. అహ్మదాబాద్ దుమ్మును, వేడిని తట్టుకోలేక విసుక్కున్నాడు. ఆ కాలంలోనే, నూర్‌జహాన్ సంరక్షణలో పెరుగుతున్న చిన్నారి మనవడు షుజా తీవ్రంగా జబ్బు పడ్డాడు. వైద్యాలేవీ ఫలించని వేళ జహంగీర్ తన పాత సంకల్పాన్ని మొక్కుగా మార్చుకున్నాడు. బిడ్డ కోలుకున్నాడు.

1619లో మథుర సమీపంలో ఒక పులి మనుషులను పీడిస్తోందని గ్రామస్థులు మొరపెట్టుకున్నారు. మొక్కుకు కట్టుబడిన చక్రవర్తి తుపాకీ పట్టలేదు. 1611లో తాను వివాహమాడిన నూర్‌జహాన్‌కు ఆ పని అప్పగించాడు. ఏనుగు మీది నుంచి ఆమె ఒకే గుండుతో పులిని పడగొట్టింది.

మొక్కు కొన్నేళ్లు నిలిచింది. 1622లో ఖుస్రో దక్కన్‌లోని బుర్హాన్‌పూర్‌లో మరణించాడు. ఆ తర్వాత మరో కుమారుడు, షుజా తండ్రి షాజహాన్ తిరుగుబాటు చేశాడు. ఎవరి బిడ్డ కోసం తుపాకీ దించాడో ఆ కుమారుడే తనపై కత్తి ఎత్తడంతో జహంగీర్ మొక్కు విడిచి మళ్లీ తుపాకీ పట్టాడు.

బహ్రామ్‌గలా కొండ అంచు

చివరి ఏళ్లు ఆయనకు కష్టకాలం. యౌవనం నుంచి అలవాటైన మద్యం, నల్లమందు శరీరాన్ని గుల్ల చేశాయి. ఉబ్బసం బాధించేది. 1626లో సేనాని మహబత్ ఖాన్ జీలం నది ఒడ్డున చక్రవర్తినే నిర్బంధంలోకి తీసుకున్నాడు. నూర్‌జహాన్ చాతుర్యంతో ఆ గండం గడిచింది. అదే ఏడాది కుమారుడు పర్వేజ్ మరణించాడు.

1627లో ఆయన ఎప్పటిలాగే కశ్మీర్ వెళ్లాడు. ఈసారి ఆ చల్లదనం కూడా మేలు చేయలేదు. ఆకలి మందగించింది. దాదాపు 40 ఏళ్లుగా తోడున్న నల్లమందు సైతం రుచించలేదు. శరదృతువులో పరివారం పీర్ పంజాల్ కనుమల గుండా లాహోర్‌కు తిరుగు ప్రయాణమైంది. దారిలో బహ్రామ్‌గలా వద్ద ఆగారు. జమ్మూకశ్మీర్‌లోని పూంఛ్ జిల్లాలో, మొఘల్ రోడ్డుగా పిలిచే ఆ పాత దారిపై నేటికీ ఆ ఊరుంది.

అక్కడ వేటకు ప్రత్యేకమైన ఏర్పాటు ఉండేది. కొండ అడుగున చక్రవర్తి కూర్చుని తుపాకీ పెట్టుకునేందుకు చోటు కట్టారు. స్థానిక జమీందార్ల మనుషులు జింకలను కొండ శిఖరం వైపు తోలేవారు. అవి రాతి అంచున కనిపించగానే కింది నుంచి గుండు పేలేది. దెబ్బ తిన్న జింక పట్టు తప్పి, గాలిలో గిరికీలు కొడుతూ కొండ దిగువకు వచ్చి పడేది. వెతికే శ్రమ లేకుండా వేట పాదాల వద్దకే చేరే ఏర్పాటు అది. నడవలేని స్థితిలో ఉన్న రాజుకు ఇంతకన్నా అనుకూలమైన వేట మరొకటి ఉండదు.

ఆ రోజు ఒక జింక అతికష్టంగా ఒక రాతి అంచున నిలిచింది. కింది నుంచి సరిగా కనిపించడం లేదు. దాన్ని తోలుతున్న స్థానిక కాలిబంటు ముందుకు అడుగు వేశాడు. కాలు జారింది. చేతికందిన పొదను పట్టుకున్నాడు. పొద వేళ్లతో సహా ఊడి వచ్చింది. అంతవరకు జింకలు ఏ దారిన దొర్లిపడ్డాయో అదే దారిన, అలాగే గిరికీలు కొడుతూ ఆ మనిషి కింద పడి, ఎముకలు నుజ్జయి ప్రాణాలు విడిచాడు.

ఇక్బాల్‌నామా రచయిత మోతమిద్ ఖాన్ ఈ ఘటనను నమోదు చేశాడు. చక్రవర్తి ఎన్నడూ లేనంతగా కలత చెందాడు. వేట ఆపి బసకు తిరిగి వచ్చాడు. మృతుడి తల్లిని పిలిపించి డబ్బు ఇప్పించాడు. అయినా మనసు కుదుటపడలేదు. ఆ రూపంలో మృత్యుదూతే తన కళ్లెదుట నిలిచినట్లు ఆయన భావించాడు. ఆ క్షణం నుంచి స్థిమితం తప్పింది.

అక్కడి నుంచి థానా, థానా నుంచి రాజౌరీ చేరారు. రాజౌరీ దాటాక దారిలో మద్యం తెమ్మన్నాడు. పాత్రను పెదవులకు ఆనించినా గుటక దిగలేదు. ఆ రాత్రి పరిస్థితి విషమించింది. 1627 అక్టోబర్ 28న తెల్లవారుజామున జహంగీర్ కన్నుమూశాడు. వయసు 58 ఏళ్లు. పాలన 22 ఏళ్లు. దేహాన్ని లాహోర్ చేర్చి, రావి నదికి ఆవలి ఒడ్డున షాహ్‌దరా తోటలో ఖననం చేశారు. తండ్రిపై కత్తి ఎత్తిన షాజహానే అక్కడ సమాధి మందిరాన్ని కట్టించాడు.

పేరు లేని మనిషి

ఒక చక్రవర్తి మరణానికి ఒక కాలిబంటు పతనమే కారణమనడం సరికాదు. ఏళ్ల తరబడి ముదిరిన జబ్బే ఆయనను తీసుకుపోయింది. కానీ ఆ రోజు ఆయన ఎందుకంతగా చలించిపోయాడన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పదిహేడేళ్ల కిందట మనుబోతు బెదిరినందుకు ఒక సేవకుడి ప్రాణం తీయించిన రాజే, ఇప్పుడు జింక కోసం పోయిన ప్రాణానికి ఒక తల్లి ముందు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. తన చావు దగ్గరపడిందన్న భయం అందులో ఉండవచ్చు. అంతకాలం ఇతరులకు వదిలేసిన ప్రమాదాన్ని మొదటిసారి కళ్లారా చూసిన దిగ్భ్రమ కూడా ఉండవచ్చు. ఆగ్రా గొలుసుకున్న 60 గంటలలో దేనినీ ఆ తల్లి లాగలేదు. అయినా ఆమె గోడు ఆయనకు వినిపించింది.

పెంపుడు జింక మన్సరాజ్‌కు షేఖుపురాలో గోపురం ఉంది. చక్రవర్తికి షాహ్‌దరాలో సమాధి మందిరం ఉంది. ఆయన అనుమతితో వచ్చిన వర్తకుల వారసులకు కతర్‌గామ్‌లో గుమ్మటాలున్నాయి. పది వేల పావురాలకు కూడా పద్దులో లెక్క ఉంది. బహ్రామ్‌గలా కొండ మీద జింక కోసం అడుగు ముందుకు వేసిన కాలిబంటుకు మాత్రం చరిత్ర గ్రంథంలో కొన్ని వాక్యాలే మిగిలాయి. వాటిలో అతని పేరు లేదు.